రెండు లింకులు తక్కువ

ఆ వీధిలో ప్రతి ఇంటి గేటూ ఆయనకు తెరుచుకునేది. తలుపు తెరవాల్సిన అవసరం మాత్రం ఎవరికీ కలిగేది కాదు. కరెంటు మీటర్లన్నీ గేటు దాటగానే గోడకే బిగించి ఉంటాయి మరి. ఆయన వచ్చి, మెడ సాచి అంకెలు చూసి, చేతిలోని చిన్న మిషను మీద నొక్కి, బయటికొచ్చిన చీటీని తలుపు సందులో దోపి వెళ్ళిపోయేవాడు. లోపలి నుంచి ఎవరైనా "ఎవరూ?" అంటే "మీటరు" అనేవాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అదే జవాబు చెప్పీ చెప్పీ చివరికి ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. వీధి మొత్తానికి ఆయన మీటరాయన. నాకూ అంతే.

ఆయన ఉండే మేడ కింది గదిలో నేను దిగిన కొత్తలో జరిగిన సంగతి ఇది. నాకు ఒకచోట కాలు నిలవదు. ఒక ఊళ్ళో మంగలి నన్ను చూడగానే పలకరించి కుర్చీ దులిపే రోజు వచ్చిందంటే, ఇక ఆ ఊరు వదిలే రోజు దగ్గర పడ్డట్టే లెక్క. ఇన్ని ఊళ్ళ అద్దె గదుల్లో ఉన్నాక నాకు అబ్బిన విద్య ఒకటుంది. కింది గదివాడికి పై గదివాడి అడుగులే గడియారం. పైన సంసారం ఉంటే ఆ గడియారం ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. పిల్లలు పరిగెడతారు, గిన్నెలు పడతాయి, ఎవరో అలిగి మంచం గోడవైపు జరుపుకుంటారు. మీటరాయన గడియారం ఏనాడూ తప్పలేదు. మంచం నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి కిటికీకి, కిటికీ నుంచి మళ్ళీ మంచానికి. ఆ అడుగుల మధ్య మాట వినబడేది కాదు. రేడియో కూడా లేదు. ఒకసారి పైనుంచి దగ్గు వినిపిస్తే అది ఆయన గొంతేనని పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం నేను మెట్ల కింద నీడలో పుస్తకం పట్టుకుని కునికిపాట్లు పడుతుంటే, ఆయన పెరట్లో ఒక పాత పరదా పరిచాడు. దాని మీద మోటారు సైకిలును నడిమి స్టాండు వేసి నిలబెట్టాడు. పానాలు, సుత్తి, పట్టకారు, ఆకురాయి, కిరసనాయిలు డబ్బా, ఒక్కొక్కటే తెచ్చి ఆపరేషనుకు సిద్ధం చేసినట్టు వరసగా పేర్చాడు. చివరగా ఒక కొత్త చైను, నూనె కాగితంలో చుట్టి ఉన్నది, పెట్టెలోంచి తీశాడు.

"మాస్టారూ, మీకు పనేమన్నా ఉందా?" అన్నాడు. నా చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని నన్ను మాస్టారనేవాడు. నేను ఎవరికీ అక్షరం ముక్క చెప్పిన పాపాన పోలేదు.

"పనుంటే మెట్ల కింద నిద్రపోతానా?"

"అయితే సాయంత్రం దాకా ఎటూ వెళ్ళకండి. చివర్లో మీతో చిన్న అవసరం పడుతుంది."

"నాకు ఈ బళ్ళ పనులేవీ తెలియవు."

"మీకేమీ తెలియక్కర్లేదు. ఊరికే బరువుంటే చాలు."

అంత తక్కువ అర్హత చూసి నన్ను పనిలోకి పిలిచినవాడు మరొకడు లేడు. పుస్తకం మూసేసి పరదా అంచున చతికిలబడ్డాను.

పాత చైను ఊడదీస్తూ సంగతి చెప్పాడు. నా వంక చూసి కాదు, చైనుకు చెబుతున్నట్టు.

"రేపు మా అక్క వస్తోంది."

"చూడ్డానికా?"

"చూసుకోడానికి. గది నచ్చితే ఉండిపోతుంది."

ఆ అక్క ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గర పనిచేసిందట. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన క్వార్టర్సులోనే ఇన్నాళ్ళూ కాలం గడిపింది. ఇప్పుడు రిటైరైంది గనుక ఖాళీ చెయ్యాలి. మాకు పక్క ఊళ్ళోనే ఒంటరి ఆడవాళ్ళుండే హాస్టలొకటి ఉంది. అందులో ఒక మంచం ఖాళీ అయింది. వస్తారో రారో సోమవారం చెప్పెయ్యమన్నారు.

"నేనే అన్నాను ఫోన్లో, ఇక్కడికే వచ్చెయ్యరాదా అక్కా అని. ఫోను కట్టయిందేమో అనుకున్నా. తర్వాత, వచ్చి చూస్తాలే అంది."

"నచ్చకపోతే?"

"హాస్టలు." చేతిలో పని ఆపకుండానే అన్నాడు. "అక్కడ చేరిందంటే ఇంక చేరినట్టే. నేను మళ్ళీ అడగలేను, తను మళ్ళీ రాదు. ఇద్దరం అలాంటివాళ్ళమే."

"మీరు కలిసి ఎన్నాళ్ళైంది?"

"అమ్మ పోయినప్పుడు చూశాను."

"అంటే?"

"ఈ బండి కొనకముందు."

బండి వంక చూశాను. టాంకు మీద రంగు పోయి, మోకాళ్ళు రాసుకునే చోట ఇనుము తేలి, అద్దంలా నున్నగా అయింది.

"ఏమన్నా గొడవ పడ్డారా?"

"అదేం లేదండీ. గొడవ పడితే మధ్యలో ఎవరో ఒకరు కలిపేవాళ్ళు."

బస్సు ఊళ్ళోకి రాదనీ, హైవే మీద మలుపు దగ్గర మనిషిని దింపేసి పోతుందనీ, అక్కడ అద్దె బళ్ళు దొరకవనీ చెప్పాడు. "నేనున్నాగా, బండి మీద తీసుకొచ్చేస్తానన్నాను. అనేశాక చూసుకుంటే ఇదీ దీని వాలకం." ఊడిన చైనును అడ్డంగా పట్టుకుని చూపించాడు. కొత్తదైతే కర్రలా నిలబడాలట. ఇది ముసలివాడి మెడలా పక్కకి వాలిపోయింది. "నేనొక్కణ్ణే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. ఇద్దరెక్కితే పళ్ళ మీంచి జారిపోతుంది. మెకానిక్కు సోమవారం రమ్మన్నాడు. అయినా ఈ బండి మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు."

రెండు చైన్లనూ గోడకున్న మేకుకి పక్కపక్కన వేలాడదీసి, అదే సంఖ్యలో లింకులు లెక్కపెట్టి చూస్తే, పాతది బొటనవేలంత కిందికి దిగింది. ఒకప్పుడు నేను ఒక నది ఒడ్డున కొంతకాలం ఉన్నాను. అక్కడ పడవను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన ఇనుప గొలుసు పట్టుకుని లాగేవారు. గొలుసు సాగిందని ఎవరైనా అంటే ఆ పడవవాడికి ఎక్కడలేని కోపం వచ్చేది. ఇనుము సాగదు నాయనా, కలిసే చోట అరుగుతుంది, ఒక్కో చోట కంటికి కనబడనంత, అన్నీ కలిస్తే ఇంత, అని మూరెడు చెయ్యి చూపించేవాడు. ఆ మాట మీటరాయనకు చెప్పాను. ఆయన తల ఊపి, "అంతే" అన్నాడు. ఏ విషయం మీదైనా ఆయన చర్చ అంతే.

కొత్త చైన్లు అన్ని బళ్ళకూ సరిపోయేట్టు పొడుగ్గానే వస్తాయట. ఎక్కువైంది మనమే తెంచుకోవాలి. దర్జీ ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టినట్టు కాదు, తెంచాక తెంచినట్టే. పైగా ఒక్కో లింకుగా తెంచడానికి వీల్లేదు. సన్నదొకటి వెడల్పుదొకటి, రెండేసి పోవాలి. లేకపోతే కొసలు కలవవు.

ఆయన వెనక చక్రం నట్టు వదులు చేసి, ఇరుసును దాని గాడిలో ముందుకు, ఇంక పోనంత వరకు నెట్టాడు. కొత్త చైనును పళ్ళ చక్రాల చుట్టూ తిప్పి, కొసలు రెండూ దగ్గరకు తెచ్చి చూశాడు. తెంచడానికి రెండు చోట్లు కనిపించాయి. ఒకచోట తెంచితే చైను కాస్త వదులుగా వస్తుంది, చక్రాన్ని వెనక్కి జరిపి బిగించుకోవాలి. ఇంకో రెండు లింకులు లోపలికి తెంచితే, చక్రం పూర్తిగా ముందుకున్నప్పుడే కొసలు కలుస్తాయి. సుద్దముక్కతో రెండు చోట్లా గీతలు పెట్టి, బీడీ ముట్టించుకోకుండానే వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు ఆలోచించాడు.

"పొట్టిగానే తెంచుతాను," అన్నాడు. "అరిగినకొద్దీ చక్రం వెనక్కి జరుపుకోడానికి గాడంతా మిగులుతుంది. ఇంక నా జన్మకి ఇదే ఆఖరి చైను."

నాకు అది ముందుచూపున్న మాటగానే తోచింది. రాబోయే ఇన్నేళ్ళకు గాడి దాచుకున్నవాణ్ణి చూస్తే నాలాంటి రేపటి ఊరు తెలియనివాడికి గౌరవం పుడుతుంది. ఆయన ఆకురాయితో, లింకులను కలిపే పిన్ను తలలు అరగదీసి, చైనును నట్టు మీద ఆనించి, మేకులాంటి ఇనుప ముక్క పెట్టి సుత్తితో కొట్టాడు. పిన్ను బయటికి రాలింది. మిగిలిపోయిన చైను తోకను నట్లూ మేకులూ ఉండే డబ్బాలో పడేశాడు. కొసలు కలిపి, అవి విడిపోకుండా చిన్న లాకు వేశాడు. లాకు మూసిన ముక్కు చైను పరిగెత్తే వైపు ఉండాలి, తెరిచిన నోరు వెనక్కి ఉండాలి. తిరగేసి వేస్తే దారిలో దేనికన్నా తగిలి ఊడిపోతుంది. వేశాక వేలితో తడిమి, మళ్ళీ కంటితో చూసి, మళ్ళీ తడిమాడు.

అప్పుడు పడింది నాతో అవసరం.

ఖాళీ బండికి వదులుగా కనిపించే చైను మనుషులెక్కితే బిగుసుకుంటుందట. సీటు కిందికి దిగుతుంది, వెనక చక్రం కాస్త దూరం జరుగుతుంది. అందుకని మనుషుల్ని కూర్చోబెట్టి వదులు చూడాలి. "నా ఒక్కడి సంగతైతే చేతికే తెలుసు. ఇద్దరి సంగతే తెలీదు. కూర్చునేదీ నేనే, కింద చూసేదీ నేనే అంటే కుదరదు కదా," అన్నాడు. గోడవార ఎవరో ఇల్లు కట్టుకుని మిగిల్చిన ఇసుక ఉంది. ఒక గోతంలో నింపాడు, ఎత్తి చూశాడు, ఇంకాస్త నింపాడు, మళ్ళీ ఎత్తాడు. తృప్తి కలిగాక దాన్ని ముందు సీటు మీద పెట్టి తాడుతో కట్టాడు. స్టాండు తీసి బండిని గోడకు ఆనించాడు.

"ఇది నేను," అన్నాడు మూట మీద చెయ్యి వేసి. "మీరు మా అక్క. ఎక్కండి."

"మీ అక్క నా అంతే ఉంటుందా?"

"మీకన్నా కొంచెం పొట్టి. సన్నగా పుల్లలా ఉంటుంది. గాలొస్తే కిటికీలు మూసి దీన్ని దాచుకోవాలి అనేది మా అమ్మ."

ఎక్కి కూర్చున్నాను. ఆయన కింద గొంతుక్కూర్చుని చైనును వేలితో పైకి నొక్కాడు.

"మూటను పట్టుకోండి. అక్క పట్టుకుంటుంది."

పట్టుకున్నాను.

"కాస్త ముందుకి వాలండి. దానికి బండంటే భయం, వాలుతుంది."

వాలాను. ముఖం చూడని ఒక ఆడమనిషి స్థానంలో, ఇసుక మూట వీపుకి చెంప ఆనించి కూర్చున్నాను. నా వయసులో ఇంతకన్నా వింత ఉద్యోగాలు చేశానుగానీ, ఇంత జాగ్రత్తగా ఎవరూ చేయించుకోలేదు. ఆయన మళ్ళీ నొక్కి చూశాడు. చైను వేలంత లేచి దిగింది.

"బాగుంది," అన్నాడు. తర్వాత, లేవకుండానే, "ఉంటుందంటారా?" అని అడిగాడు.

"గది ఎలా ఉందో చూడాలిగా ఆవిడ."

"గది శుభ్రం చేశాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సీటు తుడిచి, వెనక కాలు పెట్టుకునే కడ్డీ కిందికి దించి, ఇంకోసారి సీటు తుడిచి వెళ్ళాడు. కొత్త చైను చప్పుడు చెయ్యలేదు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. పుస్తకం తెరిచే ఉంది గానీ ఒకే పేజీ చదువుతున్నాను. ఎవరి అక్కో వస్తుంటే నాకెందుకు ఎదురుచూపు అనిపించింది. ఆవిడ వేషం వేసినవాణ్ణి కదా, కొంత హక్కు నాకూ ఉందనుకున్నాను.

బండి రాలేదు. రొట్టెలు పంచే వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. ముందు ఒక కాలు దిగింది, తర్వాత ఒక సంచీ, ఆ తర్వాత వ్యాను ఒకపక్కకు ఒరిగి లేచేట్టు ఒక భారీ మనిషి దిగింది. డ్రైవరు తల బయటపెట్టి, "మీటరు సార్ వాళ్ళక్కగారండీ. సార్ వెనకాల వస్తున్నారు," అని చెప్పి పోయాడు.

ఆవిడ మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"మాస్టారంటే మీరేనా? నా వేషం కట్టింది మీరేనంటగా."

"నేనేనమ్మా. మీ తమ్ముడుగారి వేషం ఇసుక మూట కట్టింది."

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"బస్సు దిగి ఎదురుగా నిలబడ్డానండీ. వాడు నన్ను దాటి బస్సు తలుపు వంక చూస్తున్నాడు, ఇంకా ఎవరో దిగుతారని. బస్సు కదిలిపోయింది, అయినా దాని వెనకే చూస్తున్నాడు. ఒరేయ్ బుడ్డోడా అంటే అప్పుడు తిరిగాడు."

గుమ్మం తగలకుండా తల వంచి నడిచే, మీసం నెరిసిన మనిషి ఆ బుడ్డోడు.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. ఎక్కక్కా అన్నాడు. ఎక్కాను. అలా కొంత దూరం పోయామో లేదో కింద నుంచి మూలుగు. దిగమన్నాడు, చైను పట్టుకు చూశాడు. బట్టలారేసే తీగలా బిగిసిపోయింది. వదులు చేద్దామని పానా తీశాడు. తీరా చూస్తే చక్రం ముందుకి జరగాలట, అది అప్పటికే ముందుకుందట. ఇంక జరగదట. అక్కడే రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని లేవడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నా. ఏడవట్లేదు. 'పొట్టిగా తెంచేశానక్కా' అంటాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట. పోనీలేరా, నేనే పొడుగ్గా లావుగా పెరిగాను, నీ తప్పేముందన్నా. సంచీ బండికి తగిలించి నడుద్దామన్నా. నడిచాం. నాకు నడకంటే ఆయాసం, వాడికి మాటంటే ఆయాసం. ఇంతలో దేవుడిలా ఆ రొట్టెలబ్బాయి వచ్చాడు, వాళ్ళింటి మీటరు కూడా మావాడే చూస్తాడట."

అప్పటికి మీటరాయన వచ్చాడు. బండి పెరట్లో పెట్టి, నా వంక చూడకుండా సంచీ తీసుకుని మెట్లెక్కాడు. ఆవిడ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి వెనకే ఎక్కింది. కాసేపటికి నా గదిలో కూర్చుంటే పైన రెండు రకాల అడుగులు వినబడ్డాయి. ఒకటి బరువుగా తిరుగుతోంది, రెండోది ఉన్నచోటే ఉంది.

మధ్యాహ్నం టీకి నన్నూ పైకి పిలిచింది. నేను ఆ గది చూడడం అదే మొదటిసారి. మీటరాయన శుభ్రం చేశానంటే ఊడ్చాడనుకున్నాను. గోడలకు సున్నం వేశాడు. కిటికీ పక్కకు మంచం జరిపి, కొత్త దుప్పటి పరిచి, అంచులు ఆసుపత్రిలో మడిచినట్టు మడిచాడు. తలగడ ఒకటి. మంచం దగ్గరికి అందేట్టు దీపం స్విచ్చు. చీరలకు తాడు, అద్దానికి మేకు, ఆ మేకు ఒక పొట్టి సన్నటి మనిషి కంటికి సరిపోయే ఎత్తులో. ఆవిడ ఆ దుప్పటి మూలను వేళ్ళతో పట్టుకుని చూస్తోంది.

"మడత ఎవరు నేర్పార్రా?"

"నువ్వే. అమ్మని ఆసుపత్రిలో పెట్టినప్పుడు."

ఆవిడ ఆ మూలను మళ్ళీ మడిచి పెట్టింది. టీ గ్లాసులు మూడు, అందులో రెండు కొత్తవి. నేను కుర్చీలో కూర్చున్నాను, ఆవిడ మంచం మీద. ఆయన గుమ్మంలో నిలబడి తాగుతున్నాడు.

"నీ పక్క ఏదిరా?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

ఆయన గ్లాసుతో బయటికి చూపించాడు. మెట్ల మీద, మలుపు తిరిగే చోట చిన్న జాగా ఉంది. అక్కడ చుట్టిన పరుపు, ట్రంకు పెట్టె, గడ్డం గీసుకునే సామాను, చెప్పుల జత. పైన ఒక రేకు.

"అక్కడా పడుకునేది?"

"గాలొస్తుంది."

"వానొస్తే?"

"రేకుందిగా."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. నేను లేవబోయాను. "కూర్చోండి మాస్టారూ," అంది. "ఇందులో దాచుకునేదేముంది. మీరు నా బదులు బండెక్కినవారు." తర్వాత తమ్ముడి వైపు తిరిగి, చాలా మామూలుగా, "నేను హాస్టలుకే పోతాన్రా బుడ్డోడా," అంది.

మీటరాయన గ్లాసు వంక చూశాడు.

"గది చిన్నదా?"

"గది బానే ఉంది."

"మెట్లా? కింద ఇల్లు చూద్దాం."

"మెట్లు కాదు."

"చైను సంగతైతే రెండు లింకులు మళ్ళీ కలపొచ్చక్కా. ఇంకో లాకు వేస్తే..."

"చైను కాదురా." ఆవిడ గది చుట్టూ చూసింది. "నేనొస్తానంటే నువ్వు లోపలున్నవన్నీ బయట పెట్టేశావు. నిన్ను నువ్వు కూడా బయట పెట్టేసుకున్నావు. ఇది ఇద్దరం ఉండడం కాదు. నువ్వు ఖాళీ చేస్తే నేను దిగడం. నాకు కావలసింది గదైతే హాస్టల్లోనూ ఉంది."

"లోపల పడుకుంటాలే. మంచం ఇటు జరిపితే..."

"పడుకుంటావు. గోడవైపు తిరిగి, ఊపిరి చప్పుడు కూడా రాకుండా పడుకుంటావు. నాకు తెలీదా నీ సంగతి. నేను ఇన్నాళ్ళూ మిషన్ల హోరులో బతికినదాన్నిరా. మాట వినబడాలంటే అరవాలి అక్కడ. హాస్టల్లో గదికి నలుగురట. గురక పెట్టేది ఒకత్తి, సబ్బు దొంగిలించేది ఒకత్తి ఉంటారు. దెబ్బలాడుకోడానికైనా మనుషులుంటారు."

మీటరాయన అక్కడ ఒక మాట అని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. బతిమాలడం కూడా చేత్తో చేసే పనిలాంటిదే, చెయ్యక చెయ్యక పోతుంది. ఆయన గ్లాసులు మూడూ తీసుకుని, కడగడానికి వెళ్ళాడు. కుళాయి చాలాసేపు పారింది. మూడు గ్లాసులకు అంత నీరు అక్కర్లేదు.

"కోపం వచ్చిందంటారా?" అంది ఆవిడ నాతో, గొంతు తగ్గించి.

"కోపం వస్తే కనపడేది."

"అదే వాడితో బాధ," అంది.

సోమవారం పొద్దున ఆయన డ్యూటీకి సెలవు పెట్టి, దుకాణం తెరిచే వేళకు వెళ్ళి ఇంకో లాకు కొనుక్కొచ్చాడు. "హాస్టలు దాకా నేనే దింపుతాను," అన్నాడు. ఆవిడ కాదనలేదు. మళ్ళీ పరదా పరిచాడు. డబ్బాలోంచి తోక తీసి, రెండు లింకులు విడదీసి, కిరసనాయిల్లో కడిగి చైనులో కలిపాడు. చక్రాన్ని కాస్త వెనక్కి జరిపాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని, మధ్యమధ్య పాత బంధువుల కబుర్లు చెబుతోంది. ఎవరికి పళ్ళూడాయో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో. ఆయన 'ఊ' కొడుతున్నాడు. ఒకటి రెండుచోట్ల నవ్వాడు కూడా.

వదులు చూసే వేళకు ఆయన ఇసుక మూట వైపు వెళ్ళబోతే ఆవిడ ఆపింది.

"మనుషులుండగా మూటెందుకురా? మాస్టారు ముందు కూర్చుంటారు, నేను వెనక కూర్చుంటా. నువ్వు చూడు."

అలా నేను మీటరాయన్ని అయ్యాను. ఆయనంత బరువు లేనని గుర్తుచేస్తే, రెండు ఇటుకలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. బండి గోడకి ఆనింది. ఆవిడ ఎక్కగానే వెనక స్ప్రింగులు నిట్టూర్చాయి.

"మిమ్మల్ని పట్టుకుంటే విరిగిపోరు కదా?" అంది.

"ఇటుకలున్నాయిగా, పట్టుకోండి."

ఆయన కింద గొంతుక్కూర్చున్నాడు. వేలితో చైను ఎత్తి చూశాడు. నట్టు వదిలి, కాస్త ముందుకి జరిపాడు. మళ్ళీ ఎత్తాడు.

"సరిగ్గా కూర్చున్నావా?"

"కూర్చున్నా."

"బరువంతా వేశావా?"

"దాచుకుంటే దాగేదా నాది?"

మళ్ళీ వేలు పెట్టాడు. చైను వేలంత లేచి దిగింది. ఆయన వెంటనే లేవలేదు. ఆవిడా దిగుతాననలేదు. నా ఒళ్ళో ఇటుకలు బరువెక్కుతున్నా నేనూ తియ్యమని అడగలేదు. పెరట్లో ముగ్గురం అలా కాసేపు ఉండిపోయాం.

"చాలు," అన్నాడు చివరికి.

వాళ్ళు వెళ్ళడం గేటు దగ్గర నిలబడి చూశాను. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద వేసుకుంది. ఆయన నిటారుగా కూర్చున్నాడు. చైను చప్పుడు లేదు, మూలుగు లేదు. వీధి మలుపు దాకా నూనె వేసినట్టు పోయింది బండి.

సాయంత్రం అదే మలుపు దగ్గర టకటకమని ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వినబడి బయటికొచ్చాను. ఆయనే. బండి పెరట్లో పెట్టి స్టాండు వేశాడు.

"దిగబెట్టారా?"

"దిగబెట్టాను. కిటికీ పక్క మంచం ఇచ్చారు. వెళ్ళగానే పక్క మంచం ఆవిడతో దుప్పటి మడత సరిగ్గా లేదని తగువు పెట్టుకుంది."

"చైను వదులైనట్టుందే?"

"ఇద్దరికి పెట్టింది కదా. ఒక్కణ్ణే వస్తే కొట్టుకుంటుంది."

"బిగించుకోండి మరి."

ఆయన చక్రం దగ్గర వంగి, చైనును వేలితో ఎత్తి వదిలాడు. "ఆదివారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది," అన్నాడు. "ఇప్పుడు బిగిస్తే మళ్ళీ వదులు చెయ్యాలి. ఎందుకొచ్చింది, ఇలాగే ఉండనీ." చేతులు పరదాకు తుడుచుకుని మెట్లెక్కాడు.

ఆ వారమంతా మీటర్లు చూడడానికి ఆయన ఏ వీధి తిరిగినా ఆ టకటక ముందే వినిపించేది. ఎదురింటామె గేటు తీస్తూ ఒకరోజు నాతో అంది, మీటరాయన బండికి ఏదో రోగం వచ్చినట్టుంది, ఒకసారి చూసుకోమని చెప్పండి అని.

చెప్తాలెండి అన్నాను.